పేరంటాలు: ఇళ్లలో వినబడి రికార్డుల్లో కనబడని పేరు

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో డెబ్బై దాటిన ఆడవాళ్ల పేర్లు వరసగా చదువుకుంటూ పోతే కోటేశ్వరమ్మ, వెంకాయమ్మ, సుబ్బమ్మ, నాగరత్తమ్మల మధ్య ఎక్కడో ఒకచోట పేరంటాలు తగులుతుంది. అదే ఊళ్లో బడికెళ్లే పిల్లల హాజరుపట్టీ తీస్తే దాదాపు కనపడదు. కనపడినా లక్ష్మీ, సాయి లాంటి పేర్ల చాటున మూడో మాటగా నక్కి ఉంటుంది. “అది పేరేంటి, పేరంటానికొచ్చే ఆవిణ్ణి కదా అలా అంటారు?” అని అడిగే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లన్నది నిజమే, కానీ సగమే నిజం.

మొదటి అర్థం అందరికీ తెలిసిందే. వ్రతం రోజునో, పెళ్లికూతుర్ని చేసినప్పుడో, శ్రావణ శుక్రవారమో కుంకుమభరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, బొట్టు పెట్టి “మా ఇంటికి పేరంటానికి రండి” అని పిలుస్తారు. వచ్చినావిడ పేరంటాలు. కాళ్లకు పసుపు, మెడకు గంధం, నుదుట కుంకుమ, తల్లో పూలు. చేతికిచ్చే తాంబూలంలో ఆకు, వక్క, అరటిపళ్లు, నానేసిన శెనగలు, స్తోమత ఉంటే రవికల గుడ్డ. భర్త బతికున్న ఆడదానికే ఈ పిలుపు అనేది పాత కట్టడి. దాని మంచిచెడ్డలు వేరే చర్చ.

రెండో అర్థం ఇక్కణ్ణుంచే పుట్టింది. ముత్తైదువగా పోయిన ఆడమనిషినీ, భర్త చితిలో సహగమనం చేసిన మనిషినీ “పేరంటాలయింది” అన్నారు. చచ్చిపోయింది అనరు. నిఘంటువులు రెండర్థాలూ ఇస్తాయి, కానీ మనుషులకు పేరుగా ఎక్కింది మాత్రం రెండోదాని నుంచే. పేరంటానికి వచ్చిన అతిథి పేరు ఎవరూ పిల్లకు పెట్టుకోరు. పేరంటాలై, ఇంటికో ఊరికో దేవతగా నిలిచిన మనిషి పేరు పెట్టుకుంటారు. అంటే పిల్లకి వచ్చింది దేవత సొంత పేరు కాదు, ఆమె చనిపోయాక వచ్చిన బిరుదు. మన ఆడపేర్లలో ఇలాంటివి తక్కువ.

చివర ఉన్న “లు” చూసి బహువచనం అనుకుంటారు. రత్తాలు, ముత్యాలు, వరాలు, పగడాలు ఉన్నాయి కాబట్టి ఇదీ ఆ జట్టులోదే అనిపిస్తుంది. కానీ అవి నిజంగానే బహువచనాలు: రత్నాలు, ముత్యాలు, వరాలు. పేరంటాలులో ఉన్నది కోడలు, మనుమరాలు, ఇల్లాలు మాటల్లో కనపడే స్త్రీవాచకం. పాత తెలుగులో దీని బహువచనం పేరంటాండ్రు, ఇప్పుడు పేరంటాళ్లు. ఈ తేడా పంతులుగారి వ్యాకరణం కోసం చెప్పడం లేదు. కొందరు రికార్డులో రాసేటప్పుడు చివరి ఉకారం ఎందుకని తీసేసి “పేరంటాల” అని వదిలేస్తారు. అలా చేస్తే అది పేరు కాకుండా పోతుంది, ఇంటిపేరులా వినపడుతుంది. తీయాలనుకుంటే ‘అమ్మ’ చేర్చి పేరంటాలమ్మ చేయాలి, అదీ వాడుకలో ఉన్న రూపమే. మూడో రూపం పేరమ్మ. అయితే కనపడ్డ ప్రతి పేరమ్మా పేరంటాలమ్మకు కురచ అనుకోకూడదు. కొన్ని ఇళ్లలో పేరయ్య అనే తాతకు జోడీగా వచ్చిన పేరమ్మలున్నారు. ఇంట్లో మగవాళ్ల పేర్లు కూడా అడిగితే తేలిపోతుంది.

ఈ ప్రాంతంలో పేరంటాలు అంటే ఏ పేరంటాలు అన్నదే అసలు ప్రశ్న. ఊరందరికీ తెలిసిన పేరంటాళ్లలో ఇద్దరి ప్రభావం పేర్ల మీద బలంగా ఉంది. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ ఒకరు, బెజవాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉయ్యూరు వీరమ్మ ఇంకొకరు. తిరుపతమ్మ కథలో భర్త గోపయ్య అడవిలో పశువుల దగ్గర పులి వాతపడి పోతాడు, ఆమె అగ్నిలో కలిసిపోతుంది. వీరమ్మ కథలో భర్త చింతయ్య హత్యకు గురవుతాడు, ఆమె సహగమనం చేస్తుంది. రెండూ రైతు ఇళ్ల కథలే. రెండింట్లోనూ రాణులు లేరు, కోటలు లేవు. కోడలిగా అత్తింట్లో పడ్డ బాధలు తిరుపతమ్మ కథలో చాలా భాగం ఆక్రమిస్తాయి. ఊరి ఆడవాళ్లు ఆ పేరును సొంతం చేసుకోవడానికి అదీ ఒక కారణం అని నా అభిప్రాయం.

పెనుగంచిప్రోలులో మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్లు, ఫాల్గుణ పౌర్ణమికి చిన్న తిరునాళ్లు. గుళ్లో అమ్మవారి పక్కన గోపయ్య ఉంటాడు. విగ్రహాలు కొయ్యవి కాబట్టి రెండేళ్లకోసారి జగ్గయ్యపేట తీసుకెళ్లి రంగులు వేయించి తెస్తారు, ఆ రాకపోకలే ఒక ఉత్సవం. ఉయ్యూరులో మాఘ శుద్ధ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు తిరునాళ్లు, అందులో పొడవాటి కొయ్య కట్టిన సిడిబండి ఊరేగింపు పెద్ద ఘట్టం. ఈ తిరునాళ్లకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు గుడి పేరే పెట్టుకున్నారు. ఆడపిల్లయితే తిరుపతమ్మ, మగపిల్లాడయితే గోపయ్య, తర్వాతి తరంలో గోపి. దేవస్థానం పేరులోనే లక్ష్మీ తిరుపతమ్మ అని ఉంది కనుక పేరు కూడా లక్ష్మీతిరుపతమ్మ అయింది. వేరే జిల్లాల వాళ్లు ఈ పేరు వినగానే తిరుపతి వెంకన్న మొక్కు అనుకుంటారు. నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్లకు అది పెనుగంచిప్రోలు. కథ లోపల చూస్తే ఇద్దరిదీ ఒప్పే: ఆమె తల్లిదండ్రులు వెంకన్నకు మొక్కుకుంటే పుట్టిందని, అందుకే ఆ పేరు పెట్టారని చెబుతారు.

మరి తిరుపతమ్మ, వీరమ్మ అని నేరుగా పెట్టకుండా ఉత్త పేరంటాలు అని ఎందుకు పెడతారు? ఇక్కడే ఊరి పేరంటాలు పోయి ఇంటి పేరంటాలు వస్తుంది. ఒక ఇంటిపేరు వాళ్లకు తమ వంశంలోనే పేరంటాలైన ఒక ముత్తవ్వ ఉంటుంది. ఆమె అసలు పేరు రెండు మూడు తరాల్లో మరుగున పడుతుంది, బిరుదే మిగులుతుంది. పెళ్లికి ముందు ఆమెకు పెట్టుకోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ: కొత్త చీర, రవిక, పసుపు, కుంకుమ, గాజులు ఓ పీట మీదో బుట్టలోనో పెట్టి దీపం వెలిగించి, నైవేద్యం పెట్టి, తర్వాత ఆ చీర ఇంటి ఆడపడుచో కోడలో కట్టుకుంటుంది. ఎవరు కట్టుకోవాలి, ఏ రోజు పెట్టాలి, చీర ఏ రంగు అనేవి ఇంటికో పద్ధతి. పుస్తకంలో చూసి చేసేది కాదు, ఆ ఇంట్లో పెద్ద కోడల్ని అడగాల్సిందే. ఈ ఇంటి పేరంటాలి పేరు పిల్లకు పెడితే అది పేరంటాలు, పేరంటాలమ్మ, లక్ష్మీపేరంటాలు అవుతుంది. ఉత్తరాంధ్రలో కూడా పేరంటాలమ్మ గుళ్లున్నాయి కాబట్టి ఈ పేరు కృష్ణా, గుంటూరు సొత్తు మాత్రమే కాదు.

సహగమనం సంగతి దాటవేసి ఈ పేరు గురించి మాట్లాడటం నిజాయితీ అనిపించుకోదు. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం 1829లో బెంగాల్లో, 1830లో మద్రాసు ప్రెసిడెన్సీలో సతిని నిషేధించింది. గుంటూరు అప్పుడు మద్రాసు కిందే. రాజస్థాన్‌లోని దేవరాలాలో జరిగిన సతి ఘటన తర్వాత 1987లో వచ్చిన చట్టం సతిని పొగడ్డాన్ని, ఉత్సవంగా చేయడాన్ని కూడా నేరం చేసింది. పిల్లకు పేరంటాలు అని పేరు పెట్టేవాళ్లు ముత్తవ్వను తలుచుకుంటున్నారు, చితిని కాదు. అయినా పెద్దయ్యాక ఆ పిల్ల అడుగుతుంది. ఆమె నిజంగా సహగమనం చేసిందా, ముత్తైదువగా జబ్బుతోనో కాన్పులోనో పోయిందా అన్నది ఇంట్లో వయసు మీదున్న వాళ్లను ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోవడం మంచిది. చాలా ఇళ్లలో రెండో సంగతే తేలుతుంది. పేరంటాలు అనగానే సతి అని తేల్చేసే వాళ్లతో నాకున్న పేచీ ఇదే.

ఇక ఈ పేరు ఎంత అరుదు? లెక్క తీయాలంటే చిక్కులున్నాయి. చేతికి అందే సాధనం ఓటర్ల జాబితా. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో జిల్లా, నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం ఎంచుకుంటే ఆ కేంద్రం జాబితా పీడీఎఫ్‌గా వస్తుంది. ఒక్కో పేరు గడిలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉంటాయి. పేరు పక్కనే వయసు ఉండటమే మనకు కావాల్సింది. ఆ పీడీఎఫ్‌లు చాలావరకు బొమ్మల రూపంలో ఉంటాయి, అందులో వెతుకుదామంటే కుదరదు, కళ్లతో చదవాలి. ఒక కేంద్రానికి సుమారు వెయ్యి మంది కాబట్టి ఓ గంట పని. పేరంటాలుతో పాటు పేరంటలు, పెరంటాలు, పేరాంటాలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇంగ్లీషులో ఎక్కించిన పేరును కంప్యూటరు తెలుగులోకి మార్చినప్పుడు దీర్ఘాలు ఎగిరిపోతాయి. తల్లి పేరు సంబంధి గడిలో ఉండటం తక్కువ, కాబట్టి చనిపోయిన వాళ్ల పేర్లు ఈ జాబితాలో దొరకవు. వయసు పెరిగేకొద్దీ జనం తగ్గిపోతారు గనుక, పాత తరంలో ఈ పేరు ఎంత ఉండేదో జాబితా తక్కువ చేసి చూపిస్తుంది. పట్నం కేంద్రం ఒకటి, పల్లె కేంద్రం ఒకటి తీసుకుని పోల్చాలి. బెజవాడ వన్‌టౌన్ జాబితా చూసి పెనుగంచిప్రోలు గురించి తీర్పు చెప్పకూడదు.

ఇంకో పెద్ద కారణం రికార్డుకు బయట ఉంది. ఇంటి పేరంటాలి పేరుగానీ అత్తగారి పేరుగానీ పిల్లకు పెడితే ఆ పేరు పట్టుకుని తిట్టరు, కసరరు. కోడలు అత్త పేరు నోటితో అనదు. అందుకని మొదటి రోజు నుంచే అమ్ములు, చిట్టి, పాప, చిన్నమ్మడు అనే పిలుపు స్థిరపడుతుంది. బడిలో చేర్పించేటప్పుడు టీచరు “పేరేంటమ్మా” అంటే ఆ పిలుపే చెప్పిన తరం ఒకటుంది. దాంతో పదో తరగతి సర్టిఫికెట్‌లో చిట్టెమ్మ, ఇంట్లో పేరంటాలు. పెళ్లయ్యాక అత్తింట్లో అదే పేరున్న మనిషి ఉంటే ఇంకో పేరు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి కాగితం మీద ఈ పేరు ఎంత అరుదో, ఇళ్లలో అంత అరుదు కాదు. తర్వాత పొట్టి పేర్ల గాలి వచ్చింది. సుజాతలు, సునీతలు, ఆ వెనక స్వాతులు, ఇప్పుడు జాహ్నవి, సహస్ర. అమ్మ, ఆలు చివరనున్న పేర్లన్నీ ఒకేసారి వెనకబడ్డాయి. పేరంటాలుకు ప్రత్యేకంగా పట్టిన తెగులేం కాదు.

ఇప్పుడు పెట్టాలనుకునే వాళ్ల సంగతి. బారసాల పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో చేస్తారు. పళ్లెంలో బియ్యం పరిచి బంగారపు ఉంగరంతో తండ్రి పేరు రాస్తాడు. నక్షత్రాక్షరం పట్టించుకునే ఇళ్లలో మొదటి పేచీ ఇక్కడే. ‘పే’ చిత్త మొదటి పాదానిది. ‘తి’ విశాఖ మొదటి పాదానిది, ‘వీ’ రోహిణి మూడో పాదానిది. పిల్ల ఏ మఖలోనో పుడితే పేరంటాలు కుదరదని పంతులుగారు అంటారు. దీనికి పాత పరిష్కారమే ఉంది: బియ్యంలో ఒక పేరు కాదు, రెండు మూడు రాస్తారు. నక్షత్రనామం ఒకటి, మాసనామం ఒకటి, పిలిచే పేరు ఒకటి. మొక్కు పేరు పిలిచే పేరు వరసలో చేరుతుంది, దానికి అక్షరం అక్కర్లేదు. పళ్లెం చిన్నదయితే మూడో పేరు రాసేసరికి మొదటిది చెరిగిపోతుంది. వెడల్పాటి పళ్లెం, కిలోన్నర బియ్యం ఉంటే తేలిగ్గా పడుతుంది. ‘రం’లో సున్నా, ‘టా’కు దీర్ఘం ఉంగరంతో తేలవు, వేలితో దిద్దాలి.

ఆ తర్వాత కాగితాలు. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపుతారు. పేరు ఖాళీగా వదిలినా ఫరవాలేదు, నమోదైన ఏడాదిలోపు రుసుం లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుంతో పదిహేనేళ్ల వరకు అవకాశం ఉంటుంది. హడావుడిగా ఆసుపత్రి ఫారంలో ఏదో ఒకటి రాసి ఇవ్వడం కంటే ఖాళీగా వదలడమే మేలు. ఒకసారి పేరు ఎక్కాక రాతతప్పు దిద్దించడం వేరు, పేరు మొత్తం మార్చుకోవడం వేరు. మొదటిది రిజిస్ట్రారు దగ్గర తేలుతుంది, రెండోది గెజిట్ దాకా పోతుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడికి, ఆధార్‌కి, పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి అక్కడ పడ్డ అక్షరాలు జీవితాంతం వెంటొస్తాయి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం అన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇంగ్లీషు అక్షరాల దగ్గర ఈ పేరు ఒక విషయంలో అదృష్టం చేసుకుంది. మన దగ్గర ‘త’కు టీ పక్కన హెచ్ రాస్తాం, ‘ట’కు ఉత్త టీ. పేరంటాలులో ‘ట’ కాబట్టి హెచ్ గొడవ లేదు. తిరుపతమ్మలో రెండు ‘త’లు ఉన్నాయి: ఒకచోట హెచ్ పెట్టి ఇంకోచోట మానేసిన కాగితాలు కోకొల్లలు. పేరంటాలుకు పీ, ఈ, ఆర్, ఏ, ఎన్, టీ, ఏ, ఎల్, యూ అనే తొమ్మిదక్షరాలు చాలు. ‘టా’ దీర్ఘం కోసం రెండు ఏలు రాయకూడదా అంటే రాయొచ్చు, కానీ తర్వాత ఏ గుమస్తా ఒక ఏ తీసేస్తాడో చెప్పలేం. సరిపోలకపోతే తిప్పలు పిల్లవే. చివర యూ మాత్రం వదలొద్దు. ఉత్తరాదిలో ఆ టీని ‘త’ అని చదివి పెరంతలు అంటారు, దానికి మందు లేదు.

లక్ష్మీ సాయి పేరంటాలు అని మూడు మాటలు పెట్టేటప్పుడు మధ్యలో ఖాళీలు ఎక్కడ వస్తాయో మొదటే తేల్చుకోవాలి. లక్ష్మీపేరంటాలు అని కలిపి రాస్తే ఒక కాగితం మీద ఒకటి, ఇంకోదాని మీద రెండు అయ్యే ప్రమాదం తగ్గుతుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి వేరువేరు. అంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసాలో అదంతా ఇంటిపేరయి, పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. తొమ్మిదో తరగతి చివర్లో, పదిలో నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే ముందు బడిలో పేరు సరిచూసుకోమంటారు. సంతకం పెట్టే ముందు జనన ధ్రువపత్రం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడాలి. పదో తరగతి మెమో అచ్చయ్యాక దిద్దించడం చాలా దూరం తిప్పుతుంది.

పిల్ల బడిలో ఇబ్బంది పడుతుందని భయపడే వాళ్లు పేరంటాలును రెండో మాటగా పెట్టి ముందు పొట్టి పేరు ఒకటి పెడుతున్నారు: శ్రీ పేరంటాలు, హర్ష పేరంటాలు. పద్ధతి బాగానే ఉంది, కానీ రెండూ బారసాల నాడే ఖాయం చేసి రెండూ రికార్డులోకి ఎక్కించాలి. మొక్కు పేరు ఇంట్లోనే ఉందిలే అని వదిలేస్తే తర్వాతి తరానికి ఆ పేరు ఉందన్న సంగతి చెప్పడానికి ఎవరూ ఉండరు. గుడికి తీసుకెళ్లి పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు అర్చనకు గోత్రంతో పాటు పూర్తి పేరు చెప్పాలి. అక్కడ అమ్ములు, చిట్టి పనికిరావు.